చందనం వాసన వేసే మద్రాసు పెట్టె

రాజమ్మత్త ఫోన్ చేసి మొదట తన మోకాళ్ల గురించి చెప్పింది, తర్వాత చిత్తూరులో నీళ్ల గురించి చెప్పింది, ఫోన్ పెట్టేసే ముందు, "మీ పెట్టె ఒగటి ఈడనే ఉండాది పాపా. ఇల్లు అమ్మేస్తాండాం. వచ్చి తీసకపో" అంది. నాకు అరవై దాటాయి. నన్ను పాపా అని పిలిచేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు కనక ఆ పిలుపు కోసమైనా వెళ్లాలనిపించింది. ఏ పెట్టె అని అడగలేదు. రాజమ్మత్త భర్త చెంగల్రాయులు మామ ఒకప్పుడు చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పెళ్లిళ్లకీ జాతరలకీ సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా నడిపేవాడు. బంధుత్వం ఏమీ లేదు, పిలుపులే అత్తా మామా. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ ఆర్కెస్ట్రాలో మా నాయన డోలక్ వాయించేవాడు, నేను కీబోర్డు వాయించేదాన్ని. మాది అని చెప్పదగ్గ పెట్టె ఆ ఇంట్లో ఉంటే నేను వాయించిన ఆ కీబోర్డు పెట్టె ఒక్కటే.

తమ్ముడి కూతురు హారిక ఆ వారం బెంగుళూరు నుంచి తిరుపతికి, మా ఇంటికి వచ్చి ఉంది. దాని కారులోనే చిత్తూరు వెళ్లాం. హారిక ల్యాప్‌టాప్‌లో సంగీతం చేస్తుంది, ప్రకటనలకీ వీడియోలకీ. తనకు డోలక్ పట్టుకోవడం రాదు, హార్మోనియం తిత్తి ఎటు లాగాలో తెలియదు, కానీ మా ఇంటిల్లిపాదిలో సంగీతంతో బతుకుతున్న మనిషి ఇప్పుడు తనొక్కతే. రాజమ్మత్త ఇంట్లో వెనక గదిలో, మామిడికాయల ప్లాస్టిక్ క్రేట్ల వెనక, పాత పరదా కప్పి ఉంది పెట్టె. పరదా తీస్తే పక్కల చెక్క అలాగే ఉంది, కీలు పసుపుపచ్చగా మారాయి. ఒక నాబ్ చుట్టూ స్టిక్కరు బొట్లు గుండ్రంగా అతికించి ఉన్నాయి, ఎర్రవి కొన్ని, మెరూన్‌వి కొన్ని, ఒక పచ్చది. హారిక మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసి, "అత్తా, ఇది అసలైన అనలాగ్ సింథసైజర్. ఇది మనింట్లోదా? ఈ బొట్లు ఎవరు పెట్టారు దీనికి?" అంది. నేనే అన్నాను. ఎందుకు అంది. పాటలు గుర్తుండడానికి అన్నాను. అది నావైపు చూసిన చూపును బట్టి, మా తమ్ముడికి ఆ రోజే ఫోన్ చేసి నా ఆరోగ్యం గురించి మాట్లాడుతుందని అర్థమైంది.

ఆ పెట్టె మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు తలుపు రెక్క ఒకటి ఊడదీయాల్సి వచ్చింది. తిరుపతిలో అలిపిరికి పోయే రోడ్డు పక్క సందులో మాది రెండు గదుల మిద్దె. మద్రాసులో ఒక రికార్డింగ్ స్టూడియో వాళ్లు కొత్తవి కొనుక్కుని పాతదాన్ని వదిలించుకుంటుంటే చెంగల్రాయులు మామ తెచ్చాడు. నేను ఇంటర్ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నాను, భజనల్లో హార్మోనియం వాయించేదాన్ని. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే అతను గల్ఫ్ పోయాడు. అందుకని పెట్టెనీ నన్నూ ఒకేసారి ఆర్కెస్ట్రాలో చేర్చుకున్నారు. నేర్చుకోవాలి కాబట్టి పెట్టె మా ఇంట్లోనే ఉంటుందన్నారు. నులక మంచం బయటికి పోయింది, ఆ చోట్లో పెట్టె పడుకుంది. అమ్మ పొద్దున్నే అలిపిరి దగ్గర పూల అంగడికి వెళ్లిపోయేది కనక ఇంటి పెత్తనమంతా అవ్వది, అంటే నాయన వాళ్లమ్మది. అవ్వకు ఆ పెట్టె మీద ఒకటే ఫిర్యాదు. స్విచ్ వేశాక అది బాగా వేడెక్కితే తప్ప శ్రుతి నిలవదు. "సంగటి ఉడికేదానికి ఇంతసేపు పట్టదు. ఇదేం పెట్టెమ్మా" అని అటూ ఇటూ తిరిగేది.

ఆ పెట్టె చేసే పని ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఒక కీ నొక్కి పట్టుకుంటే శబ్దం ఒకే తీరుగా మోగకుండా, తెరుచుకుంటూ మూసుకుంటూ, వావ్ వావ్ అని ఊగుతుంది. ఎంత వేగంగా ఊగాలో చెప్పడానికి ఒక నాబ్ ఉంటుంది. హారిక దాన్ని మాడ్యులేషన్ అంటుంది, మేం ఊపు అనేవాళ్లం. అప్పట్లో సినిమా పాటల్లో ఈ శబ్దం కొత్తగా వినిపిస్తోంది. డోలక్ దెబ్బకీ ఈ ఊపుకీ అడుగు కలిస్తే ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు కూడా తెలియకుండా తల ఆడిస్తారు. కలవకపోతే మాత్రం, ఘాటు రోడ్డులో బస్సు వెనక సీటులో కూర్చున్నట్టు ఉంటుంది. జనం ఆ ఊపు కోసమే మా ఆర్కెస్ట్రాను పిలవడం మొదలుపెట్టారు. మామ ఆ పెట్టెను వేదిక మధ్యలో పెట్టించి, దాని ముందర నన్ను కూర్చోబెట్టి, పక్కన నాయనను కూర్చోబెట్టాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా నాయన మునస్వామి ఎవరి దగ్గరా కూర్చుని డోలక్ నేర్చుకోలేదు. అలిపిరి నుంచి కొండకు నడిచిపోయే భజన బృందాల వెంట మెట్ల మీద వాయించుకుంటూ నేర్చుకున్నాడు. డోలక్ మెడకు తగిలించుకుని జనం వెనకాల ఎక్కేవాడు. మెట్లు నిటారుగా ఉన్నచోట జనానికి ఆయాసం వస్తుంది, పాట లాగుతుంది, ఆయన చెయ్యి కూడా నెమ్మదిస్తుంది. చదునుగా ఉన్నచోట కాళ్లు సాగుతాయి, చెయ్యి సాగుతుంది. మోకాళ్ల పర్వతం దగ్గరైతే ఒక్కో దెబ్బకూ ఒక్కో మెట్టు. ఆ అలవాటు ఎముకల్లోకి పోయింది. ఎక్కడ వాయించినా ఆయన చూపు మనుషుల కాళ్ల మీద ఉండేది. ఇంట్లోనూ అంతే. నాయన చెయ్యి ఊరికే ఉండేది కాదు, కంచం మీద, తలుపు మీద, నా నెత్తి మీద ఏదో ఒక దరువు వేస్తూనే ఉండేవాడు, ఎవరైనా బరువు మోసుకుంటూ ముందునుంచి పోతే ఆ దరువు వాళ్ల అడుగుతో పాటు నెమ్మదయ్యేది. తను అలా చేస్తాడని ఆయనకు తెలియదు. మేం కూడా చెప్పలేదు, ఊపిరి తీసుకుంటున్నావని మనిషికి చెప్పం కదా.

పెట్టెకు ఈ సంగతులేవీ తెలియవు. నాబ్ ఎక్కడ పెడితే అక్కడే, అదే వేగంతో ఊగుతుంది. మొదట నేను ప్రతి పాటకూ నాబ్ ఎక్కడ ఉండాలో చూసుకుని, నా దగ్గరున్న స్టిక్కరు బొట్లు ఒక్కో పాటకు ఒకటి అతికించుకున్నాను. పచ్చ బొట్టు జాతర పాటది, దాని వేగం దేనితోనూ కలవదు. ఇంట్లో పొద్దున్నే సరిచేసుకున్న బొట్టు మధ్యాహ్నం పెళ్లి పందిట్లో సరిపోయేది కాదు, ఎండకు పెట్టె నడక మారేది. చిత్తూరు ఎండకు మనుషులే నిలకడగా ఉండరు, దాన్ని అనడానికి లేదు. తర్వాత మామ ఒక ఉపాయం చెప్పాడు. పెట్టె మీద ఊపుతో పాటు మినుకుమినుకుమనే ఎర్ర బల్బు ఉంది, నాయన దాన్ని చూస్తూ వాయించాలి. నాయన ఒక పాటంతా దాన్నే చూస్తూ వాయించాడు. ఒక్క దెబ్బ తప్పు పోలేదు, పాట మాత్రం చచ్చిపోయింది. దిగాక నాతో అన్నాడు, "దానికి ఆయాసమే రాదు పాపా. ఆయాసం రానోడి ఎనకాల ఎట్ల వాయించేది?"

నిజానికి దీనికి విరుగుడు పెట్టెలోనే ఉందని స్టూడియో అతను మామకు చెప్పే పంపాడు. వెనకవైపు వైర్లు గుచ్చే రంధ్రాల వరసలో చివరిదాంట్లోకి బయటి దరువును పంపిస్తే, నాబ్‌తో పని లేకుండా, ప్రతి దెబ్బకూ ఊపు మళ్లీ మొదటినుంచి మొదలవుతుందట. అంటే డోలక్‌కు మైకు కట్టి, దాన్ని యాంప్లిఫయర్‌లోంచి ఆ రంధ్రానికి ఇస్తే, పెట్టె నాయన చెయ్యి వెంట నడవాలి. మేం దసరా తర్వాత ఒకసారి ఆ పని చేసి చూశాం. ఏమీ జరగలేదు. బస్టాండు దగ్గర రేడియో రిపేరు చేసే అతన్ని పిలిపించాం. ఆయన మూత తెరిచి, లోపల టార్చి వేసి, రెండు కప్పుల టీ తాగి, "లోపల పోయిందప్పా. ఇది మద్రాసుకు పోవాల్సిందే" అన్నాడు. మద్రాసులో అలాంటి పెట్టెను విప్పేవాళ్లు ఎవరో మామకు తెలియదు. రంధ్రం చచ్చిపోయిందని అందరం ఒప్పుకున్నాం.

పెట్టెకు ఇంకో గుణం ఉండేది. వేడెక్కాక దాని లోపలినుంచి సన్నగా చందనం వాసన వచ్చేది. ఖరీదైన వస్తువుల్లో ఇలాంటివి ఏవో ఉంటాయని నేను, మద్రాసు స్టూడియోలో రోజూ అగరొత్తులు వెలిగించి ఉంటారని నాయన, ఎవరికి తోచింది వాళ్లం అనుకున్నాం. అవ్వ ఏమీ అనుకోలేదు. చందనం వాసన ఇంట్లో ఉండడంలో వింత ఏముందన్నట్టు ఉండేది.

శ్రీకాళహస్తిలో ఒక పెళ్లి. పెళ్లికొడుకు తరఫు వయసు మళ్లిన ఆడవాళ్లు కొందరు పాటకు చేతులు పట్టుకుని ఆడుతున్నారు. కొంతసేపటికి వాళ్లు అలిసిపోయారు. నాయన వాళ్ల కాళ్లే చూస్తున్నాడు, చెయ్యి నెమ్మదించింది. పెట్టె నెమ్మదించలేదు. నేను నాబ్ పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాను, ఒకసారి వెనకపడుతుంది, ఒకసారి ముందుకు పోతుంది. పాడే అబ్బాయికి ఎవరిని పట్టుకోవాలో తెలియక చరణం మధ్యలో ఆపేశాడు. పెళ్లికూతురి తండ్రి వేదిక దగ్గరికి వచ్చి, చాలా మర్యాదగా, "మీ జనరేటరు ఏమన్నా కొట్టుకుంటాండాదా?" అని అడిగాడు. మామ ముఖం చూడాలంటే భయమేసింది. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో, రేణిగుంట దాటాక మామ అన్నాడు, "మునస్వామన్నా, మద్రాసులో రిథమ్ బాక్సు అని వచ్చుండాది, దరువు అదే వేసుకుంటాది. పెట్టెకూ దానికీ ఒగ వైరు వేస్తే రెండూ కలిసి నడుస్తాయంట. బంగారుపాళ్యం పెండ్లి అయిపోనీ, తీసకొస్తా. నువ్వు మైకులు సూసుకుందువు." నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "అట్నే కానీప్పా" అన్నాడు.

అలా అన్నంత మాత్రాన ఆయనకేమీ అనిపించలేదని మామ నమ్మి ఉంటాడు. నేను నమ్మలేదు. మరుసటి రోజు నాయన డోలక్ తాళ్లన్నీ విప్పి, మళ్లీ బిగించి, ఆముదం రాసి, ఎండలో పెట్టి, సాయంత్రం గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ప్రోగ్రాం లేని రోజుల్లో కూడా ఆ డోలక్ ఎప్పుడూ అటక ఎక్కలేదు. ఆ వారమంతా ఆయన కంచం మీద కొట్టలేదు, తలుపు మీద కొట్టలేదు. సంగటి ముద్ద ఊరిబిండిలో అద్దుకుని, తిని, చెయ్యి కడుక్కుని లేచేవాడు. ఇంట్లో ఏం తగ్గిందో అవ్వకు మొదట తెలియలేదు. రేడియో చెడిపోయిందా అని అడిగింది. తర్వాత కనిపెట్టి, "ఏందిరా, ఇల్లు ఇట్లుండాది. ఒళ్లు బాగలేదా?" అంది. బాగుందన్నాడు. నాకు ఏడుపొచ్చింది, వెళ్లి గిన్నెలు తోముతూ ఏడ్చాను. ఆయన సీటు తీసేస్తున్నది నేను వాయించే పెట్టె కోసం. నేను మానేస్తానని చెబితే నాయన నవ్వి, "నీ సీటు ఉంటాది లేమ్మా. మనింట్లో ఒగరిదన్నా ఉండనీ" అన్నాడు. దాంతో నాకు ఇంకా బాధైంది.

బంగారుపాళ్యం పెళ్లి దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం పెట్టె వేడెక్కడానికి స్విచ్ వేసి కూర్చున్నాను. అవ్వ రేషన్ అంగడికి పోయింది, అమ్మ పూల దగ్గర ఉంది. పొద్దున్న అగరొత్తి వెలిగించలేదు, అయిపోయాయి, తెచ్చే దిక్కు లేదు. అయినా చందనం వాసన వస్తోంది. ఏ పనీ లేని బుర్రకు పట్టుదల ఎక్కువ. పెట్టె మీద ముక్కు ఆనించి, కుక్కపిల్ల మాదిరి, ఈ చివరినుంచి ఆ చివరికి వాసన చూసుకుంటూ పోయాను. వెనకవైపు, వైర్లు గుచ్చని రంధ్రాల దగ్గర వాసన ఎక్కువైంది. చివరి రంధ్రం దగ్గర ఇంకా ఎక్కువ. జడలోంచి పిన్ను తీసి లోపల గీకితే పసుపుపచ్చటి పొడి రాలింది, దాంట్లో ఎర్రటి కుంకుమ పలుకులు. ఇంకా గీకాను, ఎండి గట్టిపడిన చందనం ముద్ద ముక్కలుగా ఊడి వచ్చింది.

దసరాలో ఆయుధ పూజ అవ్వ చేతిమీదుగా జరిగేది. అవ్వ బొట్టు పెట్టని వస్తువు మా ఇంట్లో లేదు. కత్తిపీట, కుట్టు మిషను, గ్యాసు సిలిండరు, పక్కింటివాళ్లు మా గోడకు ఆనించిన సైకిలు, అన్నిటికీ చందనం రాసి కుంకుమ పెట్టేది. ఆ ఏడాది పెట్టెకూ పెట్టింది. గుండ్రంగా, వరసగా, వేలికొన పట్టేటట్టు రంధ్రాలు ఉంటే, అవి బొట్టు కోసమే ఉన్నాయనుకుంది. వైర్లు గుచ్చి ఉన్నవి బతికిపోయాయి. ఖాళీగా ఉన్నవాటిలో నిండా పెట్టింది. మరుసటి రోజు తడిగుడ్డతో పైపైన తుడిచేసింది కూడా, శుభ్రత విషయంలో అవ్వకు వంక పెట్టలేం. టార్చి వేసి చూసిన రేడియో అతను మూత తీసి లోపలంతా చూశాడు కానీ, బయట ఉన్న రంధ్రంలోకి చూడలేదు.

అవ్వ రేషన్ సంచీతో వచ్చింది. ఆ పొడి అరచేతిలో పోసి చూపించాను. "అవ్వా, ఇది నువ్వు పెట్టిందేనా?" అవ్వ చూసి, వాసన చూసి, "నేనే పెట్టినాను. మంచి చందనం. ఎందుకు తీసినావు?" అంది. దీనివల్ల పెట్టె పని చేయలేదని చెప్పాను. నాయన సీటు పోతోందని చెప్పాను. అంతా విని, సంచీ దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, "బొట్టు పెట్టబట్టే ఇన్నాళ్లు కాలిపోకుండా ఉండాది. ఇప్పుడు తీసినావు గదా, ఏమైనా అయితే నన్ను అడగొద్దు" అంది. లోపలికి వెళ్లి నాకు వినపడేటట్టు దేవుడి పటం ముందు ఏదో మాట్లాడుకుంది. ఆ తర్వాత అటక మీద నుంచి డోలక్ దించి తెచ్చి నా ముందర పెట్టింది అవ్వే.

నాయన వచ్చాక డోలక్ ఎడమ పక్క మైకు కట్టాం. మైకు వైరు పాత యాంప్లిఫయర్‌కు, యాంప్లిఫయర్ నుంచి ఒక వైరు చివరి రంధ్రానికి. మామకు వినిపించడానికి సాక్ష్యం ఉండాలని ఇంట్లోని టేప్ రికార్డరు కూడా తగిలించాం. దాని వైరు యాంప్లిఫయర్‌కే అందింది, కాబట్టి దాంట్లోకి డోలక్ ఒక్కటే ఎక్కింది, పెట్టె శబ్దం ఎక్కలేదు. ఈ సంగతి అప్పుడు మాకు తట్టలేదు. నేను ఒక కీ నొక్కి పట్టుకున్నాను. నాయన ఎడమ చేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. పెట్టె వావ్ అంది. ఇంకో దెబ్బకు ఇంకోసారి అంది. ఆయన చెయ్యి గాల్లో ఆపి నావైపు చూశాడు. పెట్టె మూసుకుని ఊరికే ఉంది. మళ్లీ కొట్టాడు, పలికింది. ఇంక వరసగా మెట్ల దరువు ఎత్తుకున్నాడు, పెట్టె ఆయన వేలి వెంటే ఊగుతోంది. "ఆగితే ఆగతాది" అన్నాడు నాయన. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి. అది కొళాయి నీళ్లు వదిలే వేళ. అవ్వ సందులోంచి ఇత్తడి బిందెతో నీళ్లు తెచ్చి, మా ఇద్దరి మధ్యలోంచి, వైర్లు దాటుకుంటూ, తిట్టుకుంటూ వంటింట్లోకి పోతోంది, మళ్లీ వస్తోంది. క్యాసెట్టు ఒక పక్క అయిపోయేదాకా నాయన వాయిస్తూనే ఉన్నాడు. ఆ పూట అన్నం తినేటప్పుడు కంచం మీద కొట్టాడు.

మామ క్యాసెట్టు వినలేదు. విన్నా డోలక్ తప్ప ఏమీ వినపడేది కాదు. "బంగారుపాళ్యంలో సూద్దాంలే" అన్నాడు. ఆ పెళ్లి మామిడిపండ్ల గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు కూతురిది, పందిరి హైవే పక్కన తోటలో వేశారు, మామిడి పూత వాసన ముక్కులు పగలగొడుతోంది. సాయంత్రం రిసెప్షను. మొదటి మూడు పాటలూ కుదిరాయి, మామ కాస్త మెత్తబడ్డాడు. నాలుగో పాట నడుస్తుండగా పెళ్లికూతురి అవ్వ పందిరి ఆ చివరినుంచి కర్ర పట్టుకుని వేదిక వైపు బయలుదేరింది. ఎవరో చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. నాయన చూపు ఆమె కాళ్ల మీద పడింది. నాకు శ్రీకాళహస్తి గుర్తొచ్చింది, ఎందుకంటే ఆయన చెయ్యి నెమ్మదిస్తోంది. చేత్తో ఆపలేను, మాటతో ఆపలేను. ఆపాల్సిన అవసరం రాలేదు. పెట్టె కూడా నెమ్మదించింది. పాడే అబ్బాయి ఈసారి ఎవరిని పట్టుకోవాలో వెతుక్కోలేదు, ఆ ఊపు మీదే నెమ్మదిగా పాడాడు. ఆమె ఒక్కో అడుగుకు ఒక్కో ఊపు. పందిట్లో తింటున్నవాళ్లు కూడా తల తిప్పి చూశారు. ఆమె వేదిక ఎక్కి, మనవరాలి నెత్తిన అక్షింతలు వేసి, కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకున్నాక నాయన చెయ్యి మళ్లీ సాగింది. ఆమెకోసమే ఇదంతా ముందే సిద్ధం చేశామని ఫ్యాక్టరీ ఓనరు అనుకుని మామకు శాలువా కప్పాడు. మామ వద్దనలేదు.

సామాన్లు సర్దుకుంటుంటే మామ శాలువాతోనే వచ్చి నాయన పక్కన నిలబడ్డాడు. రిథమ్ బాక్సు మాట ఎత్తుతాడేమోనని నేను వైరు చుట్టడం ఆపి చూస్తున్నాను. "అన్నా, ఎల్లుండి పలమనేరు ప్రోగ్రాం ఉండాది. పొద్దున్నే వచ్చేయి, టిఫిను మనింట్లోనే" అన్నాడు. నాయన "అట్నే కానీప్పా" అన్నాడు, వ్యానులో అన్న మాటే, కానీ ఈసారి డోలక్ మీద రెండు దెబ్బలు కొట్టి అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు వాయించాడు. రిథమ్ బాక్సులు వచ్చాయి, వాటి తర్వాత ఇంకేవో వచ్చాయి, ఆర్కెస్ట్రాలే పోయాయి, కానీ నాయన తనకు తానుగా మానుకున్నాడు, ఎవరూ మానిపించలేదు. అవ్వ ముందు పోయింది, తర్వాత నాయన పోయాడు. పెట్టె ఎప్పుడో మామ ఇంటికి చేరింది. అది మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ప్రతి దసరాకూ అవ్వ దానికి బొట్టు పెడుతూనే వచ్చింది, నేను ఆ రోజంతా రంధ్రాలకు అగ్గిపుల్లలు గుచ్చి ఉంచేదాన్ని.

హారిక ఈ కథ సగం వరకే కారులో విన్నది. తిరుపతికి వచ్చాక పెట్టెను హాల్లో పెట్టి, రెండు రోజులు దానితోనే కూర్చుని, ఎవరెవరికో వీడియో కాల్ చేసి, లోపల మాడిపోయినవేవో మార్చి, మాట్లాడించింది. హారిక ల్యాప్‌టాప్ మూలలో ఒక అంకె ఉంటుంది, పాట వేగం. ఊపు, డోలక్, తాళం, అన్నీ ఆ అంకె చెప్పినట్టు నడుస్తాయి, వెంట్రుకవాసి తేడా రాదు. వింటే బాగుంటుంది, నేను అబద్ధం చెప్పను. మేం బొట్లు అతికించుకుని పడ్డ పాట్లు దానికి లేవు. కానీ హారిక పాట చేసేటప్పుడు దాని ముందర గోడ ఉంటుంది, మనుషుల కాళ్లు ఉండవు. ఇప్పుడు అలిపిరి మెట్ల మీద కూడా ఎవరి ఫోనులో వాళ్లకు పాట మోగుతూ ఉంటుంది, ఎక్కేవాళ్లు ఆయాసపడుతున్నా ఫోను అదే వేగంతో పాడుతుంది. నాకు నచ్చదు. నచ్చకపోతే వినొద్దని మా తమ్ముడు అంటాడు, వాడన్నదీ నిజమే.

"అత్తా, దీనికి క్లాక్, అంటే ఊపును నడిపే దరువు, ఎక్కడినుంచి ఇచ్చేవాళ్లు?" అంది హారిక, వైరు చేత్తో పట్టుకుని.

"మీ తాత ఇచ్చేవాడు" అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. బీరువాలో చీరల కింద వెతికితే ఆ క్యాసెట్టు దొరికింది. సాక్ష్యంగా పనికిరాని క్యాసెట్టు, డోలక్ తప్ప ఏమీ లేనిది.

ఎదురింటివాళ్ల దగ్గర టేప్ రికార్డరు అడిగి తెచ్చాం. హారిక దాని వైరును ఆ చివరి రంధ్రానికి ఇచ్చింది. పెట్టె అప్పటికి వేడెక్కింది, వాసన వస్తోందా లేదా అంటే చెప్పలేను, నాకు వచ్చింది. కీ నువ్వే నొక్కు అన్నాను. క్యాసెట్టు తిరిగింది. నాయన మెట్ల దరువు ఎత్తుకున్నాడు, హారిక వేలి కింద పెట్టె తెరుచుకుంది, మూసుకుంది, ఆయన చెయ్యి వెంటే ఊగింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన ఇంట్లో ఉన్నాడు. కొంతసేపటికి ఊపు నెమ్మదించింది. ఒక్కో దెబ్బా ఆగి ఆగి పడుతోంది, పెట్టె ఒక్కో దెబ్బకోసం ఎదురుచూస్తోంది.

"టేపు లాగుతోందా? ఇక్కడ స్లో అయింది" అంది హారిక, చెయ్యి తీయబోతూ.

"టేపు కాదు. మా అవ్వ నీళ్ల బిందెతో వస్తాంది. వైర్లు దాటాల గదా."

అది నన్ను చూసింది, పెట్టెను చూసింది. దరువు మళ్లీ సాగింది.

"పోసేసినట్టుండాది" అన్నాను. "ఇంకో బిందెకు పోతాది. నువ్వు వేలు తియ్యొద్దు."